మూడు బ్రష్షుల డైనమో: కరెంటు పెంచే ముందు వేడి సంగతి చూడండి

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. మీ తాతగారి 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారును బాగు చేయించారు. 6 వోల్టులు, పాజిటివ్ ఎర్తు (బ్యాటరీ పాజిటివ్ ధ్రువం కారు బాడీకి కలిసి ఉండేది), బ్యాటరీని చార్జి చేసే మూడు బ్రష్షుల డైనమో. ఊళ్లో తిరిగేటప్పుడు ఆమ్మీటరు 14 ఆంపియర్లు చూపిస్తోంది, పెద్ద రోడ్డెక్కి వేగం పెంచితే 8కి పడిపోతోంది. ఏప్రిల్‌లో జమ్మలమడుగు, తాడిపత్రి మీదుగా అనంతపురం చేరేసరికి డైనమో మీద చేయి పెట్టలేకపోయారు. రాత్రి లైట్లు వేస్తే బ్యాటరీ దిగిపోతోంది. మూడో బ్రష్షును (బ్రష్షు అంటే తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటు అందుకునే ముక్క) కాస్త జరిపితే 18 వస్తుందని మెకానిక్ అంటున్నాడు. జరిపించాలా, లేక డైనమోకు రంధ్రాలు కొట్టించి ఫ్యాను పెట్టించాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. మూడో బ్రష్షును పెంచే వైపు జరపకండి. ఇప్పుడున్న 14ను 10కి దించండి. ముందు హెడ్‌లైట్లు లాగే కరెంటు తగ్గించండి. అప్పటికీ చాలకపోతే బయట రెగ్యులేటరు (డైనమో ఇచ్చే కరెంటును అదుపు చేసే పెట్టె) పెట్టి రెండు బ్రష్షుల పద్ధతికి మార్చండి. ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే తీగచుట్ల భాగం) ఎలాగూ చుట్టించవలసి వస్తే ఒక గేజీ ఎక్కువ మందపు తీగతో చుట్టించండి. గాలి మార్గం, ఫ్యాను వీటన్నిటి తర్వాత. చాలామంది దీన్ని తలకిందులుగా, ఫ్యానుతో మొదలుపెడతారు. అనంతపురంలో 38 ఏళ్లుగా డైనమోలు, స్టార్టర్లు చుడుతున్నాను. నా దగ్గరికి కాలిపోయి వచ్చిన పాత డైనమోల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరు కరెంటు పెంచబోతే కాలినవే.

ముందుగా మీ భయం ఒకటి తీసేస్తాను. వేగం పెరిగితే మీటరు పడిపోవడం లోపం కాదు, ఆ డైనమో స్వభావమే అంత. మూడు బ్రష్షుల డైనమోలో ఫీల్డు కాయిళ్లకు (చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంత క్షేత్రాన్ని ఇచ్చే తీగచుట్లకు) కరెంటు ప్రధాన బ్రష్షు నుంచి కాక, మధ్యలో ఉన్న ఆ చిన్న మూడో బ్రష్షు నుంచి వెళుతుంది. ఆర్మేచర్‌లో కరెంటు పారినప్పుడు అది తనదైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం అసలు క్షేత్రాన్ని తిరిగే వైపుకు మెలిపెడుతుంది. మెలిక పెరిగేకొద్దీ మూడో బ్రష్షుకు అందే వోల్టేజీ తగ్గుతుంది, ఫీల్డు బలహీనపడుతుంది. అందుకే గంటకు 40 కిలోమీటర్ల దగ్గర శిఖరానికి చేరి, ఆపైన మెల్లగా దిగుతుంది. రెగ్యులేటరు అనే పెట్టె లేకుండా, కదిలే భాగం ఒక్కటి కూడా అదనంగా పెట్టకుండా డైనమో తనను తాను అదుపు చేసుకునే ఏర్పాటు ఇది. ఆ కాలానికి ఎంత గొప్ప ఆలోచనో! నేను ఇప్పటికీ కుర్రవాళ్లకు దీన్ని బల్ల మీద పెట్టి, బ్రష్షు జరిపి, మీటరు చూపించి నేర్పిస్తాను.

కానీ దీనికి ఒక గుడ్డితనం ఉంది. బ్యాటరీ నిండిందా, ఖాళీగా ఉందా అన్నది దానికి తెలియదు. పైగా బ్యాటరీ వైపు వోల్టేజీ పెరిగితే ఇది తగ్గించదు, ఇంకా ఎక్కువ ఇస్తుంది. ఎర్తు పట్టీ తుప్పు పట్టినా, కటౌటు (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా తెంచే స్విచ్చి) దగ్గర నట్టు వదులైనా, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకున్నా ఆ అడ్డును దాటించడానికి డైనమో వోల్టేజీ పెరుగుతుంది, దానితో ఫీల్డు పెరుగుతుంది, దానితో వేడి పెరుగుతుంది. బ్యాటరీ తీగ ఊడి ఉండగా ఇంజను తిప్పితే కొద్దిసేపట్లోనే కాయిళ్లు కాలిపోతాయి. కాబట్టి డైనమోను విప్పే ముందు బ్యాటరీ నుంచి ఛాసిస్ దాకా, కటౌటు నుంచి బ్యాటరీ దాకా ప్రతి అతుకునూ మెరిసేలా గీకి బిగించండి. ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక్క ఎర్తు పట్టీ మార్చగానే చేయి పెట్టలేని డైనమో చేయి పెట్టగలిగేంతకు దిగడం రెండు మూడు కార్లలో నేనే చూశాను.

ఇక లెక్క. ఆమ్మీటరు చూపేది బ్యాటరీలోకి పోయే కరెంటు. ఇగ్నిషన్ కాయిలు వాడుకునేది దానికి అదనం, సుమారు 3 ఆంపియర్లు అనుకుందాం. అంటే మీటరు 14 చూపుతున్నప్పుడు డైనమో 17 ఇస్తోంది. ఆర్మేచర్ తీగలో పుట్టే వేడి కరెంటుతో సమంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. 17ను 17తో గుణిస్తే 289. మీ మెకానిక్ చెప్పిన 18 తెప్పిస్తే డైనమో ఇచ్చేది 21. దాని వర్గం 441. అదనంగా వచ్చేది 4 ఆంపియర్లు, వేడి మాత్రం ఒకటిన్నర రెట్లవుతుంది. అదే 10కి దించితే డైనమో ఇచ్చేది 13, వర్గం 169. అంటే వేడి 40 శాతం పైగా తగ్గిపోతుంది. ఏ ఫ్యానూ ఇంత పని చేయలేదు.

రాత్రి సంగతి కూడా ఇదే లెక్కతో తేలుతుంది. మీ 24 వాట్ల 6 వోల్టుల బల్బులు రెండూ కలిసి 8 ఆంపియర్లు, వెనక దీపంతో కలిపి 9 తీసుకుంటాయి. రోడ్డు మీద మీటరు 8. ఎనిమిది వచ్చి తొమ్మిది పోతుంటే బ్యాటరీ దిగక ఏమవుతుంది? ఇప్పుడు 6 వోల్టులకు, పాజిటివ్ ఎర్తుకు సరిపడే ఎల్‌ఈడీ బల్బులు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు పాజిటివ్ ఎర్తు అని గట్టిగా చెప్పి కొనండి, మామూలువి పెడితే వెలగవు. లైట్లన్నీ కలిసి 3 ఆంపియర్లకు దిగితే, 10కి దించిన డైనమో రోడ్డు మీద 6 ఇచ్చినా బ్యాటరీకి ఇంకా 3 మిగులుతాయి. మీ సమస్యలో సగానికి పైగా ఇక్కడే తీరిపోతుంది.

బ్రష్షు జరిపేటప్పుడు ఇంజను ఆపి, డైనమో చుట్టూ ఉన్న రేకు పట్టీ తీసి చూడండి. ఆర్మేచర్ తిరిగే వైపుకు జరిపితే కరెంటు పెరుగుతుంది, ఎదురు వైపుకు జరిపితే తగ్గుతుంది. వెంట్రుకవాసి జరిపి, మళ్లీ తిప్పి మీటరు చూడాలి. పగటిపూట దూర ప్రయాణాల్లో బ్యాటరీ పొంగకుండా హెడ్‌లైట్లు వేసుకుని నడిపే అలవాటు పాతకాలం డ్రైవర్లకు ఉండేది. ఎల్‌ఈడీలకు మారాక ఆ దారి మీకు ఉండదు కాబట్టి కరెంటును దించి పెట్టుకోవడం మరీ ముఖ్యం.

నేను గుంతకల్లులో పని నేర్చుకుంటున్న రోజుల్లో గుత్తి నుంచి ఒక వేరుశనగ వ్యాపారి 1930ల నాటి అమెరికన్ కారు తెచ్చారు. మా గురువుగారు వద్దన్నా వినకుండా కరెంటు పెంచమన్నారు. పెంచి పంపాం. మూడో రోజు కారు తాళ్లతో లాక్కొచ్చారు. రేకు పట్టీ విప్పింది నేనే. లక్క కాలిన వాసన గుప్పుమంది. పట్టీ లోపలి వైపు, సరిగ్గా కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్షులు రాసుకునే రాగి రేకుల చక్రం) చివరకు ఎదురుగా, కొర్ర గింజలంత టంకం బొట్లు ఒకే గీత మీద వరుసగా అంటుకుని ఉన్నాయి. కమ్యుటేటర్ రేకులకు తీగలను అతికించిన టంకం కరిగి, తిరిగే వేగానికి చిమ్మి అక్కడ గడ్డకట్టింది. మామూలు 60-40 టంకం 190 డిగ్రీల లోపే పూర్తిగా కరిగిపోతుంది. బయట వంద డిగ్రీల లోపే ఉన్నా, లోపల ఆ చివర్లో వేడి అంతదాకా పోయిందన్నమాట. మీరు కూడా పట్టీ తీసిన వెంటనే ముందు దాని లోపలి వైపు చూడండి. అక్కడ బొట్లు కనిపిస్తే ఇక బ్రష్షుతో పని లేదు, ఆర్మేచర్ బయటికి తీయవలసిందే.

వేడి ఎందుకు అంత లోపల పేరుకుంటుందో అర్థం చేసుకుంటే మిగతాదంతా సులభం. డైనమోలో ఎక్కువ కరెంటు మోసే తీగ మధ్యలో తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ గాలి సందు, ఆ తర్వాత ఫీల్డు కాయిళ్లు, ఆపైన ఇనుప గొట్టం. వేడి బయటపడాలంటే ఇన్ని గోడలు దాటాలి. తర్వాత డైనమో స్థానంలో వచ్చిన ఆల్టర్నేటర్‌లో ఇది తిరగబడింది. ఎక్కువ కరెంటు మోసే తీగ బయటి గోడకే అంటుకుని ఉంటుంది, చిన్న ఫీల్డు కరెంటు మాత్రమే లోపల తిరుగుతుంది. 1960లో క్రిస్లర్ వాళ్లు వాలియంట్ కారుతో ఆల్టర్నేటర్‌ను తెచ్చాక డైనమోల కాలం ముగియడానికి డయోడ్లు ఎంత కారణమో, వేడికి దొరికిన ఈ దారి కూడా అంతే కారణం. మన పాత డైనమో పైన ఎంత గాలి ఊదినా చల్లబడేది ఇనుప గొట్టమే. గాలి లోపలి నుంచి పారాలి, లేదా లోపల వేడి తక్కువ పుట్టాలి.

వేడి కరెంటును కూడా తినేస్తుంది. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న కాయిలు 100 డిగ్రీలకు చేరితే నిరోధం 27 శాతం ఎక్కువవుతుంది. అంబాసిడర్లలో వచ్చిన తరహా లూకాస్ 12 వోల్టుల డైనమోల ఫీల్డు చల్లగా ఉన్నప్పుడు సుమారు 6 ఓములు, వేడెక్కాక 7.6 దాటుతుంది, 2 ఆంపియర్ల ఫీల్డు కరెంటు 1.6కి దిగుతుంది. ఉదయం బాగా చార్జింగ్ అయిన బండి మధ్యాహ్నం నీరసపడటానికి ఇదొక కారణం. అందుకే చల్లబరిస్తే కరెంటు కూడా కొంత తిరిగి వస్తుంది.

ఆర్మేచర్ చుట్టించడం. 1930ల తీగకు నూలు దారపు చుట్టు ఉండేది. ఆ నూలు గాడిలో చాలా చోటు తినేసేది. ఇప్పటి ఎనామిల్ తీగకు ఆ మందం లేదు కాబట్టి అదే గాడిలో ఒక గేజీ పెద్ద తీగ పట్టే అవకాశం ఉంటుంది. ఉదాహరణకు 17 గేజీ తీగ 1.42 మిల్లీమీటర్లు, 16 గేజీది 1.63. రాగి 30 శాతం పెరుగుతుంది. అయితే వేడి వర్గంతో పెరుగుతుంది కదా, అందువల్ల అదే వేడికి అదనంగా లాగగలిగే కరెంటు 14 శాతమే. 13 ఇచ్చేది 15 దాకా వస్తుంది. ఎవరైనా రీవైండింగ్‌తో రెట్టింపు కరెంటు తెప్పిస్తామంటే నమ్మకండి. చుట్ల సంఖ్య మార్చనివ్వకండి, పాత ఆర్మేచర్ విప్పేటప్పుడు ప్రతి గాడిలో ఎన్ని చుట్లో మీరే పక్కన కూర్చుని రాసుకోండి.

అసలు లాభం ఇన్సులేషన్‌లో ఉంది. నూలు, లక్క, కాగితం 105 డిగ్రీల తరగతి. ఈనాటి ఎనామిల్ తీగ, మంచి వార్నిష్ 155 డిగ్రీల తరగతి. ప్రతి 10 డిగ్రీలకు ఇన్సులేషన్ ఆయువు సగమవుతుందన్నది మా పనిలో పాత సూత్రం, కాబట్టి ఈ 50 డిగ్రీల తేడా మామూలుది కాదు. కానీ గాడిలో పాతరకం లెదరాయిడ్ కాగితం పెట్టి, పైన మాత్రం ఖరీదైన తీగ చుడితే ప్రయోజనం లేదు. గొలుసు దాని బలహీనమైన లంకె దగ్గరే తెగుతుంది. గాడి కాగితం, స్లీవు, వార్నిష్ మూడూ ఒకే తరగతివి అడగండి. వార్నిష్‌లో ముంచాక ఓవెన్‌లో కాల్చాలి. ఎండలో ఆరబెట్టి ఇస్తే లోపల పచ్చిగానే ఉండిపోతుంది, అది మన ఎండైనా సరే. కమ్యుటేటర్ అతుకులకు 60-40 బదులు 232 డిగ్రీల దగ్గర కరిగే శుద్ధమైన తగరం వాడమనండి, లేదా వెల్డింగ్ చేసేవారుంటే అదే చేయించండి.

కమ్యుటేటర్‌ను లేతు మీద పలచగా చెక్కించి, రేకుల మధ్య అభ్రకాన్ని సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతు తీయించాలి. కొత్త బ్రష్షులను గాజు కాగితంతో గుండ్రానికి కూర్చోబెట్టాలి. ఎమెరీ కాగితం వద్దు, దాని రవ్వలు రాగిలో గుచ్చుకుని బ్రష్షును తింటాయి. 6 వోల్టుల డైనమోకు రాగి కలిపిన బ్రష్షులే వాడాలి. ఉన్నదే ఆరు వోల్టులు. మామూలు కార్బన్ బ్రష్షు దగ్గర ఒక వోల్టు పోయినా అది పెద్ద నష్టమే, పైగా ఆ నష్టమంతా కమ్యుటేటర్ దగ్గర వేడిగా మారుతుంది.

రెండు బ్రష్షుల పద్ధతి. మూడో బ్రష్షు తీసేసి, ఫీల్డు తీగను బయటికి తెచ్చి, 6 వోల్టుల పాజిటివ్ ఎర్తు రెగ్యులేటరుకు కలపడం. 1930ల మధ్య నుంచి కార్ల తయారీదారులే ఈ దారి పట్టారు. బ్యాటరీ ఖాళీగా ఉంటే ఎక్కువ, నిండితే తక్కువ. 65 కిలోమీటర్ల వేగంలోనూ కరెంటు పడిపోదు. డైనమో రోజంతా పూర్తి బరువు మోయనక్కరలేదు కాబట్టి చల్లగానూ ఉంటుంది. ఒకటే షరతు. ఆ రెగ్యులేటరులో కరెంటు పరిమితి తప్పక ఉండాలి, దాన్ని మీ ఆర్మేచర్ ఓర్చుకునే 13, 14 దగ్గర అమర్చాలి. వోల్టేజీని మాత్రమే చూసే రెగ్యులేటరు పెడితే, బ్యాటరీ పూర్తిగా దిగి ఉన్న రోజున డైనమో తన శక్తికి మించి ఇచ్చి కాలిపోతుంది. మార్పు పూర్తయ్యాక, ఇంజను తిప్పే ముందు, బ్యాటరీ ధ్రువాన్ని డైనమోకు ఒక్క క్షణం తాకించి అయస్కాంతాన్ని సరైన దిశలో నిలపాలి. ఎలా తాకించాలన్నది ఫీల్డు లోపల కలిసిందా బయట కలిసిందా అన్నదాని మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ రెగ్యులేటరుతో వచ్చిన కాగితంలో ఉన్నట్టే చేయండి.

చిన్న పుల్లీ పెట్టమనీ కొందరు చెబుతారు. మూడు బ్రష్షుల డైనమోకు దానివల్ల శిఖరం ఇంకా తక్కువ వేగానికి జరుగుతుంది, పెద్ద రోడ్డు మీద కరెంటు ఇంకా పడుతుంది. మీకు వద్దు.

ఇక గాలి. మీ డైనమో మూసి ఉన్నది, ఫ్యాను లేనిది. తర్వాతి కాలపు లూకాస్ డైనమోల్లో పుల్లీ వెనక ఫ్యాను ఉండి, కమ్యుటేటర్ వైపు మూతలో ఉన్న రంధ్రాల గుండా గాలిని లోపలికి లాగి, ఆర్మేచర్ వెంట పారించి పుల్లీ వైపు వదిలేది. మీరు చేయించినా అదే పద్ధతి. రెండు వైపులా దారి లేకుండా ఒక్క వైపే రంధ్రాలు కొడితే గాలి కదలదు. రంధ్రాలు కింది సగంలో ఉండాలి, నీళ్లు పడినా కారిపోవాలి. బేరింగు కూర్చునే గూడు చుట్టూ లోహం తీసేయకూడదు. పుల్లీ వెనక రేకు ఫ్యాను సమతూకంగా ఉండాలి, లేకపోతే బేరింగు పోతుంది. పాత మూతలను భద్రంగా దాచి, ఇంకొక జత మూతల మీద ఈ పని చేయించండి. తాతగారి కారు వస్తువు మీద నేరుగా డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మన జిల్లాల్లో ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. చాలా ఏళ్ల కిందట తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయన అంబాసిడర్ డైనమో నా దగ్గరికి మూడు నెలలకొకసారి వచ్చేది. విప్పితే లోపలంతా బూడిద రంగు పొడి, వేలితో రాస్తే గరగరలాడేది. కమ్యుటేటర్ మీద బ్రష్షు నడిచిన మేర గోరు దిగేంత గాడి పడింది. చల్లబరచడానికి ఫ్యాను లాగుతున్న గాలే రాతిపొడిని లోపలికి తెస్తోంది. రంధ్రాలకు సన్న జల్లెడ కట్టాను. వారానికే అది మూసుకుపోయి డైనమో కాలడం మొదలైంది. చివరికి కమ్యుటేటర్ మూత మీద రేకు డొప్ప ఒకటి చేసి, దానికి మందపు రబ్బరు గొట్టం తగిలించి, గొట్టం నోరు రేడియేటరుకు ముందు, బంపరు పైన ఎత్తులో పెట్టి, అక్కడ కాస్త వెడల్పైన ముతక జల్లెడ కట్టాను. దుమ్ము తగ్గింది, పైగా రేడియేటరు దాటాక వచ్చే సెగ గాలి బదులు బయటి గాలి అందింది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఆ రేడియేటరు వెనక 60 దాటడం నేను కొలిచి చూశాను. ఆ డైనమో తర్వాత ఏడాదిన్నర దాకా రాలేదు.

మీరు ఎక్కువగా తిరిగేది ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపే కాబట్టి సిమెంటు పొడి, రాతిపొడి రెండూ తప్పవు. అందుకే మీకు నా సలహా, మొదటి ఏడాది డైనమోను మూసే ఉంచండి. పట్టీ తీసేసి నడపమని ఎవరైనా చెబితే వినకండి. పైన పేరుకున్న ఆయిలు, మట్టి పెచ్చు గీకేసి, దట్టమైన పాత రంగు తీసి, పలచగా నల్ల రంగు ఒక్క పూత వేయించండి. బ్రష్షుల నల్లపొడిని ఆరు నెలలకొకసారి గాలితో ఊదించండి. కరెంటు దించి, లైట్లు మార్చాక కూడా వేడి ఆగకపోతే అప్పుడు గొట్టం, ఫ్యాను ఆలోచిద్దాం.

వేడిని చేతితో కాదు, కొలిచి చూడండి. చేయి పెట్టలేకపోవడం 60 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది, అది డైనమోకు ప్రమాదం కాదు. లేజరు థర్మామీటరు మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, నల్ల రంగు ఉన్న చోటే గురిపెట్టండి. అరగంట ప్రయాణం తర్వాత ఇంజను ఆపిన వెంటనే కమ్యుటేటర్ వైపు గొట్టం మీద 85 లోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. 100 దాటితే ఆ రోజుకు కారు నడపను.

ముందు పట్టీ తీసి లోపలి వైపు ఫొటో, కమ్యుటేటర్ ఫొటో ఒకటి పెట్టండి. టంకం బొట్లు లేకపోతే ఆర్మేచర్ కదపనక్కరలేదు. ఉంటే ఒక గాడిలోని తీగ మందాన్ని ఎనామిల్ లేదా నూలు గీకి, మైక్రోమీటరుతో కొలిచి రాయండి, ఏ గేజీ పడుతుందో చెబుతాను.